లెక్కల పరీక్షా, శ్రీకూర్మం మొక్కూ

ఆ రోజుల్లో నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతనయ్యేది కాదు. కుట్టుమిషను నేర్చుకుంటానని వెళ్ళి నాలుగో రోజున మానేశాను. అప్పడాల తయారీకి వెళ్ళి పిండి కలపడం దాకా నేర్చుకుని వచ్చేశాను. కంప్యూటరు క్లాసులో మౌసు పట్టుకోవడం వచ్చేసరికే విసుగు పుట్టింది (పట్టుకోవడం మాత్రం బాగా వచ్చింది). అందుకే ముప్పయ్యో ఏట, మా ఊరి అంగన్‌వాడీలో ఆయాగా పనిచేస్తూ ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టినప్పుడు, ఆ సంగతి మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పదిహేనేళ్ళ కిందట ఒక్క లెక్కల్లోనే తప్పి చదువు ఆపేసినదాన్ని నేను. పది పాసైతే టీచరయ్యే వీలుందని మా సూపర్‌వైజరమ్మ అన్న రోజు నుంచీ నాకు అన్నం సయించలేదు. మా ఆయన మాత్రం దరఖాస్తు చూసి, "ఇదెన్నాళ్ళే?" అని ఊరుకున్నాడు.

క్లాసులు ఆదివారాలు, శ్రీకాకుళంలో. మా అత్తతో శ్రీకూర్మం స్వామికి పదకొండు ఆదివారాల మొక్కు ఉందని చెప్పాను. (శ్రీకూర్మం వెళ్ళాలన్నా మా ఊరివాళ్ళు శ్రీకాకుళంలోనే బస్సు మారాలి. అబద్ధమే గాని, దారి తప్పని అబద్ధం.) క్లాసులో నా పక్కన ఒక టిఫిను హోటల్ వంటమాస్టరు, వెనక ఒక వార్డు మెంబరు కూర్చునేవారు. సారు నాకన్నా ఆరేళ్ళు చిన్న. పది నిమిషాలకోసారి మంచినీళ్ళకని లేచే నన్ను చూసి, "మేడం, కనీసం ఈ త్రిభుజం మూసేదాకా కూర్చోండి" అని బతిమాలేవాడు. సాయంత్రం బస్సు కాంప్లెక్సు దగ్గర కొట్టులో ఓ కొబ్బరికాయ కొని, పగలగొట్టించి, కుంకుమ అద్ది ఇంటికి తెచ్చేదాన్ని. మా అత్త దాన్ని కళ్ళకద్దుకుని ముక్కలు కోసి వీధంతా పంచేది. మూడో వారానికి ఎదురింటి పిల్లకు దగ్గు తగ్గింది. ఇక చూడండి, "మా పేరు సెప్పి ఓ కాయ కొట్టవే" అంటూ ఇంటింటి నుంచీ పిలుపులే. ఏడో వారానికి నా నోటుపుస్తకంలో ఒక పేజీ నిండా సూత్రాలు, ఎదుటి పేజీ నిండా గోత్రాలు.

పదకొండు వారాలూ గడిచాయి. పరీక్ష వారం మధ్యలో పడింది, మధ్యాహ్నం రెండున్నరకి. మొక్కు చెల్లించి వస్తానని పొద్దున్నే చెప్పులేసుకుంటూంటే, మా అత్త ఉతికిన చీర కట్టుకుని, చేతిలో తోటకూర కట్టతో గుమ్మంలో నిలబడి ఉంది. "పదకొండు వారాలూ నువ్వే ఎల్లినావు. ఆకరికి నానొస్తాను. సామికి మొకం సూపించొద్దేటి?"

చేసేది లేక నిజంగానే శ్రీకూర్మం తీసుకువెళ్ళాను. దర్శనం అయ్యేసరికే పన్నెండు దాటింది. అప్పుడు మా అత్త గుడి దగ్గర పెంచే తాబేళ్ళ ముందు చతికిలబడి తోటకూర ఒక్కొక్క ఆకే తీసి పెట్టడం మొదలుపెట్టింది. నేను ఫోనులో టైము చూడటం, రోడ్డు దాకా వెళ్ళి బస్సు చూడటం, మళ్ళీ రావడం.

"బేగి రా అత్తా."

"ఉండవే, సామివోరు తింతన్నారు."

స్వామివారు ఒక ఆకు నోట పెట్టుకుని ఆలోచనలో పడ్డారు. నమిలే ఉద్దేశం ఉన్నట్టు కనిపించలేదు. "అత్తా, నాకు రెండున్నరకి పరీచ్చుంది" అనేశాను.

మా అత్త నా పొట్ట వైపు చూసింది. "ఎన్నో నెలే?"

"ఆ పరీచ్చ కాదు. లెక్కల పరీచ్చ." ఆ తర్వాత ఆదివారాలూ, క్లాసులూ, వంటమాస్టరూ, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను.

"అయితే ఈదంతా తిన్నదేటి?"

"కాంప్లెక్సు కాడి కొబ్బరికాయ."

"ఎదురింటి గుంటకి దగ్గు తగ్గినాది గదే?"

"దానికదే తగ్గుంటాది."

మా అత్త ఇంకో ఆకు తీసి తాబేలుకి అందించింది. తిట్టినా బాగుండేది. "నాకెందుకు సెప్పనేదు?" అంది చివరికి.

"మళ్ళీ తప్పుతానేమోనని. కుట్టుమిషనప్పుడు నువ్వే గదా ఈదంతా సెప్పి నవ్వినావు."

మా అత్త తల వంచుకుంది. మిగిలిన కట్ట మొత్తం తాబేలు ముందు పెట్టి, దండం పెట్టి లేచింది. "సామీ, తమరు నిమ్మళంగా తినండి. మా గుంటకి టయిం నేదు."

బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. మా అత్త రోడ్డుకి అడ్డంగా నిలబడి ఒక ఆటోని ఆపి, అందులోని వాళ్ళను సర్దుకోమని నన్ను లోపలికి తోసి తనూ ఎక్కింది. శ్రీకాకుళంలో పరీక్ష సెంటరు గేటు వేస్తూండగా చేరాం. నుదుటి నిండా కుంకుమతో, తోటకూర వాసనతో వెళ్ళి బెంచీలో పడ్డాను. అరగంటకే అలవాటుగా మంచినీళ్ళకని లేవబోయి కిటికీలోంచి చూస్తే, రోడ్డవతల కల్వర్టు గట్టు మీద మా అత్త ఇటే చూస్తూ కూర్చుని ఉంది. నేను లేవడం చూసి, కూర్చోమని చెయ్యి కిందికి ఆడించింది. కూర్చున్నాను. ఆఖరి గంట కొట్టేదాకా లేవలేదు.

బయటికొస్తే, "ఏటి, అయినాదా?" అంది.

"అయినాది. పాసవుతానో నేదో."

"నేకపోతే మళ్ళీ రాద్దువు. మళ్ళీ నానే తెస్తాను."

లెక్కల్లో ముప్పై ఎనిమిది వచ్చాయి. వీధిలో వాళ్ళకు ఆ సంగతి నాకన్నా ముందే మా అత్త చెప్పింది, కొబ్బరికాయ సంగతి మాత్రం ఈనాటికీ చెప్పలేదు. నాచేత పదకొండు ఆదివారాలూ మళ్ళీ చేయించింది, ఈసారి నిజంగా, పక్కన తనూ వచ్చి.

ఇప్పుడు అదే అంగన్‌వాడీలో టీచర్ని. మొన్న బీరువా సర్దుతూంటే ఆ హాల్ టికెట్ కనిపించింది. ఫొటోగ్రాఫరు కదలొద్దన్నా కదిలినట్టున్నాను, ముఖం ఒక పక్కకి చెరిగిపోయింది. ఎక్కడికో పరిగెత్తబోతూ ఫొటోకి చిక్కిపోయిన మనిషిలా ఉంది. ఇప్పుడు రిజిస్టర్లు ముందేసుకుని ఎంతసేపైనా కూర్చోగలను, ఎవరూ చెయ్యి ఆడించక్కర్లేదు. అయినా ఆ చెరిగిన ముఖాన్ని చూస్తూంటే నవ్వొచ్చింది, ఆ వెనకే కొంచెం అసూయ కూడా.