పోలారావు ఓడిపోయిన ముడి

తాడు కనబడితే చాలు, మా పోలారావు రెండు చేతులూ వెనక్కి పెట్టి, "ఓపాలి కట్టీ బావా!" అనేవాడు.

సోంపేట సంతలో కొబ్బరితాడు కొనడానికెళ్ళినా ముందు తనని కట్టించుకుని చూసేవాడు. "ఏటోయ్, ఇది తాడేనా? తుమ్మితే ఊడిపోద్ది!" అని బేరం మొదలెట్టేవాడు. మందసలో ఓ పెళ్ళిలో కొంగుముడి వేస్తుంటే, "అయ్యోరూ, అలాగైతే పెళ్ళికొడుకు జారిపోతాడు!" అని అరిచాడు. పెళ్ళికూతురి తండ్రి కంగారుపడి ఇంకో ముడి వేయించాడు.

మా ఉద్దానం ఊళ్ళల్లో అతని కట్లు విప్పుకునే గారడీ ఆట చూడనివాళ్ళు లేరు. గొలుసులు బిగించి, పెట్టెలో పెట్టి తాళమేస్తే, మనం పకోడీ నమిలేలోగా వెనకనుంచి వచ్చి మన పొట్లంలోనే చెయ్యి పెట్టేవాడు.

పలాసలో నాది ప్రింటింగ్ ప్రెస్. "నేను పోయాక నా రహస్యాలన్నీ పుస్తకమేసీ బావా. బతికుండగా ఏత్తే నాకు కూడెవుడెడతాడు?" అనేవాడు. పోయినేడాది గుండెపోటొచ్చింది. యముడి తాడు మాత్రం విప్పుకోలేకపోయాడు. అతని భార్య జయశ్రీ ప్రెస్సుకొచ్చి రహస్యాలన్నీ చెప్పింది.

"కట్టినప్పుడు ఊపిరి బిగబట్టి పొట్ట ఉబ్బించీవోడు. ఊపిరొగ్గేత్తే తాడు జారిపోయీది."

"మరి పెట్టె తాళంచెవి?"

"నా కొప్పులో! మూత ఏసీముందు ఏడుత్తా ఒంగి దండమెట్టీదాన్ని కదేటి, అప్పుడే మీ బావ సేతిలో ఎట్టీసీదాన్ని!"

"నువ్వు నిజంగా ఏడుస్తున్నావని మా ఆవిడ కూడా ఏడ్చేదమ్మా!"

చివరికి టెక్కలి ఆట దగ్గరికొచ్చాం. మనుషుల చేతిలో పోలారావు ఓడింది అక్కడొక్కచోటే. కట్టినవాడు సముద్రపొడ్డు ఊరినుంచి ఆట చూడ్డానికొచ్చిన కన్నయ్య అనే ముసలి జాలరి. పక్షవాతమొచ్చి చేతిపట్టు తప్పాక అతన్నెవరూ పడవ దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. ఆ రోజు పోలారావు స్టేజీ మీద మెలికలు తిరిగి, చెమటలు కక్కి, "నా వల్ల కాదు మావా, ఇప్పీ!" అని అందరి ముందూ బతిమాలాడు. ఆ తర్వాత అతని ఊళ్ళోవాళ్ళు కన్నయ్యని వలల దగ్గర కూర్చోబెట్టి, "మావా, ముడెలాగెయ్యాల?" అని అడగడం మొదలెట్టారు.

"అంత గట్టి ముడా?" అన్నాను.

జయశ్రీ పకపకా నవ్వింది. "గట్టిదా! ఏసినాడో లేదో ఊడిపోనాది అన్నయ్యా! తాడు కిందడిపోకుండా మీ బావే ఎనకాల పిడికిట్లో పట్టుకుని కూకున్నాడు. సేతులు కొంకర్లు పోతే ఆ రాత్రి నేనే కూడు కలిపెట్టినాను."

పుస్తకానికి ఇంతకంటే గొప్ప రహస్యం దొరకదు. కానీ కన్నయ్య ఇంకా వలల దగ్గర దర్జాగా కూర్చునే ఉన్నాడు.

"ఏటి సేద్దాం అన్నయ్యా?" అంది జయశ్రీ.

ఆ పేజీలో ఒక్క వాక్యమే వేశాను: "టెక్కలి ముడి రహస్యం కన్నయ్యకే తెలుసు."

పుస్తకం పట్టుకుని ఇద్దరం అతని ఊరెళ్ళాం. ఆ వాక్యం చదివి వినిపిస్తే కన్నయ్య మీసం దువ్వాడు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, నా చెవి దగ్గర వంగాడు.

"ఎలాగేసినానో నాకే గుర్తునేదు బాబూ. అడిగినోళ్ళకి రోజుకో రకం సెప్తన్నాను!"