పడమటి గట్టు

మా అక్క మొగుడంటే నాకు గిట్టదు. ఒకప్పుడు దానికి కారణాలు చాలా ఉండేవి, పెళ్ళిలో వాచీ చిన్నదని అలిగి కూర్చున్న దగ్గరి నుంచి. ఇప్పుడు అవేవీ గుర్తు రావు. ఒక్క రాగికోత చాలు.

నేను బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చెకింగ్ సెక్షన్‌లో పనిచేస్తాను. పొద్దస్తమానం చొక్కాల్లో తప్పులు వెతికి లెక్క రాయడమే పని. ఆరు రోజులు అలా చూసిన కళ్ళు ఆదివారం కూడా ఊరుకోవు. హొసకోటె అవతల మా నాన్న చేసిన చేను ఉంది, ఆయన పోయాక అక్కా బావా చేస్తున్నారు. ఆదివారం తెల్లారేసరికి అక్కడికి చేరి కుందేళ్ళను లెక్కబెట్టేవాణ్ణి.

చిన్నప్పుడు ఎవరూ లెక్కబెట్టలేదు, అన్ని ఉండేవి. ఆ రాగికోత నాటికి చేనుకు తూర్పున లేఅవుట్ హద్దురాళ్ళు, ఉత్తరాన ఒక పెద్ద గోడౌను, దక్షిణాన లారీల రోడ్డు. పడమర మాత్రం నీలగిరి తోపు మిగిలింది. ఆ ఏడాది వానలప్పుడు నాలుగు కనబడ్డాయి. ఒకటి రోడ్డు మీద లారీ కింద పడింది. మిగిలిన మూడింటినీ విడివిడిగా గుర్తుపట్టేవాణ్ణి, ఒకదానికి ఎడమ చెవి చిరిగి ఉండేది. రాగి మధ్యలో వేసిన అనప చిక్కుడు సాళ్ళలో మంచు ఆరేదాకా మేసి పైరులోకి దూరేవి.

బావ ప్రతి ఆదివారం అడిగేవాడు, ఎన్ని కనబడ్డాయి, ఏ సాలులో అని. నేను వేలు పెట్టి చూపించేవాణ్ణి. ఈ మనిషికి ఇన్నాళ్ళకు బుద్ధి వచ్చిందనుకున్నాను. నా తెలివికి నాకే ఒళ్ళు మండుతుంది ఇప్పుడు.

మా నాన్న ఎప్పుడూ రాగి తూర్పు నుంచి కోసుకుంటూ పోయేవాడు. పడమటి గట్టు వైపు చివరిదాకా కొడవలి పెట్టనిచ్చేవాడు కాదు. పొద్దుటెండ కళ్ళలో పడకుండా అలా కోస్తున్నాడనుకునేవాణ్ణి. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

కోత రోజు బావ నన్ను పడమటి గట్టు నుంచి మొదలుపెట్టమన్నాడు. నా కోత చూసి ఎగతాళి చేసే మనిషి, పిలిచి మరీ ఒక వైపంతా నాకు అప్పగించాడు. పొంగిపోయాను. బావ అన్నదమ్ములు తక్కిన మూడు వైపులా దిగారు. నడుము విరిగేలా కోశాను, ఎవరికీ తీసిపోకూడదని.

మధ్యాహ్నానికి చేను నడుమ ఒక గదంత పైరు నిలబడి ఉంది. అందరూ ఒక్కసారిగా మాటలు ఆపేశారు. కొడవళ్ళు కింద పెట్టి, గట్టు చాటున దాచిన కర్రలు తీసుకున్నారు. అప్పుడు అర్థమైంది, నాన్న పడమర ఎందుకు వదిలేవాడో. పైరు తగ్గేకొద్దీ కుందేళ్ళు వెనక్కి జరుగుతాయి, తోపులోకి పోయే దారి వాటికి అదొక్కటే. ఆ దారి నేనే కోసేశాను.

"వద్దు బావా," అన్నాను. బావ నా వైపు తిరగను కూడా లేదు.

రెండింటిని కొట్టారు. మూడోది, చెవి చిరిగినది, నా కాళ్ళ పక్కనుంచే మోళ్ళ మీదుగా తోపులోకి పోయింది. అందరూ రెండోదాని మీదికి వంగి ఉన్నారు, ఎవరూ చూడలేదు.

చేని దగ్గరే అక్క వాటిని వండింది. ఇది నేరం, తెలిస్తే జైలు అన్నాను. బావ ముద్ద విరుస్తూ, "పోయి చెప్పుకో. చూపిచ్చింది ఎవురని కూడా చెప్పు," అన్నాడు. అనప మొలకలు కొరికేస్తే మళ్ళీ విత్తనం నువ్వొచ్చి వేస్తావా అని కూడా అడిగాడు. ఆ విషయంలో అతను అన్నది నిజమే. అక్క నా పళ్ళెంలో వడ్డించింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. తిన్నాను. రెండోసారి కూడా పెట్టించుకున్నాను. బావ మీద ఎంత కోపముందో నా మీద అంతే ఉంది, ఆ రెండోసారికి.

చేతులు కడుక్కుంటుంటే బావ పక్కకొచ్చాడు. "మూడు అంటివి కదప్పా. రెండే పడినాయి. ఇంకోటి ఏడుండాది?"

"రెండే ఉండాయి బావా. నేనే లెక్క తప్పినా."

"దినమంతా చొక్కాలు చూసేవాడివి, మూడు లెక్కబెట్టలేవా?" అని నవ్వి, తోపు వైపు చాలాసేపు చూశాడు.

ఆ తరువాత కూడా ఆదివారాలు వెళ్తూనే ఉన్నాను. చిరిగిన చెవి ఒక్కటే కనబడేది, తోపు అంచున, గట్టు దాటకుండా. బావ అడిగితే ఏమీ లేదనేవాణ్ణి. పోయిన ఎండాకాలంలో లేఅవుట్ రెండో దశ కోసమని తోపు మొత్తం నరికి, మొద్దులు కూడా జేసీబీతో పెకలించారు. బావ ఇంకా అడుగుతూనే ఉన్నాడు, ఏమన్నా కనబడిందా అని.

లేదు బావా అంటాను. పోయిన ఎండాకాలం దాకా అది అబద్ధం.