పడవలు ఒడ్డెక్కాక అడగవలసిన ప్రశ్న

మా వీధి చివర ఫైబర్ తలుపులు తయారుచేసే కొట్టు ఒకటి కొత్తగా వెలిసింది. పొద్దున్నే కిటికీ తీస్తే చాలు, రెజిన్ వాసన ఘాటుగా ముక్కుకు తగులుతుంది. మునిసిపాలిటీకి అర్జీ పెడుతున్నాం, సంతకం చేయమని ఇరుగుపొరుగు వాళ్ళు వచ్చారు. నేను చేయనన్నాను. వాళ్ళకు తలనొప్పి తెచ్చే ఆ వాసన నాకు ప్రాణం కుదుటపరుస్తుంది. సముద్రపు ఒడ్డున పడవలను బోర్లించి పగుళ్ళకు రెజిన్ పూసే రోజుల్లో జాలర్ల పాలెమంతా ఇదే వాసన. అది వస్తోందంటే పడవలన్నీ ఒడ్డునే ఉన్నట్టు, మగవాళ్ళందరూ ఇళ్ళకు చేరినట్టు. ఈ సంగతి నాకు బోధపడింది రజియా మేడమ్ వెంట తిరిగిన రోజుల్లో.

మేడమ్ నెల్లూరులో ఒక దర్జీ కూతురు. మనస్తత్వ శాస్త్రం చదివి, ఒక స్వచ్ఛంద సంస్థలో మానసిక ఆరోగ్య విభాగం చూసేవారు. నేను కోవూరులో వరి పండించే ఇంటి నుంచి, కాలేజీ చదువు ముగించుకుని, అన్నీ తెలుసనుకునే వయసులో ఆమె కింద ఉద్యోగానికి చేరాను. మనిషి మనసులో ఎంత బాధ ఉందో తెలుసుకునేందుకు ఇంగ్లీషులో తయారైన ఒక ప్రశ్నావళిని మా తీరంలోని ఆడవాళ్ళకు తగినట్టు తెలుగులోకి తేవడం మా పని. ఒక పాలెంలో దాన్ని అడిగి చూడాలి. బాగా పనిచేస్తోందని మేడమ్ సంతకం చేస్తే, తీరం పొడవునా ఆరోగ్య కార్యకర్తలు అదే వాడతారు. అందులో బాధ బయటపడిన వాళ్ళనే డాక్టరు దగ్గరకు పంపుతారు. బయటపడని వాళ్ళ సంగతి ఇక ఎవరికీ పట్టదు.

ఒక్కో ప్రశ్నను ఎన్నిసార్లు తిరగరాయించారో! నేను విసుక్కుంటే నవ్వేవారు. "ఒకరి కొలతలకు కుట్టిన జాకెట్టును ఇంకొకరికి తొడిగించి, నీ ఒళ్ళే బాగాలేదు అంటే మా నాయన ఊరుకునేవాడా సుజాతా? జాకెట్టు విప్పి మళ్ళీ కుట్టాల్సిందే" అనేవారు. చివరికి చిన్నపిల్లకు కూడా అర్థమయ్యే మాటలు కుదిరాయి. తీరా పాలెంలో అడిగితే ఏ ఇంట్లో చూసినా ఒకటే జవాబు: లేదు. నిద్ర పట్టకపోవడం లేదు, దిగులు లేదు, భయం లేదు. మా డైరెక్టరుగారు సంబరపడిపోయారు. ప్రజలు సుఖంగా ఉన్నారు, నెలాఖరుకు నివేదిక పంపేద్దాం అన్నారు.

మేడమ్ మాత్రం ముఖం ముడుచుకున్నారు. "ఎవరికైనా వేపకాయంత వెర్రి ఉంటుందంటారు. ఈ ఊరి ఆడవాళ్ళకు ఆవగింజంత బాధ కూడా లేదంటే నమ్మమంటావా?"

"చెప్పుకోవడానికి సిగ్గేమో మేడమ్."

"సిగ్గయితే తల వంచుకుంటారు కదా. వీళ్ళు జవాబు చెప్పే ముందు సముద్రం వైపు చూస్తా ఉన్నారు."

మర్నాడు పొద్దున నన్ను వెంటబెట్టుకుని ఆమే స్వయంగా అడగడానికి బయల్దేరారు. మొదటి ఇల్లు పోలమ్మది. కొడుకు చీకటితోనే చేపల వేటకు వెళ్ళాడు. కోడలు కావేరి నట్టింట్లో మా ఎదురుగా కూర్చుంది. బిడ్డ చొక్కా ఒకటి చేతిలో పట్టుకుని మడత పెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ మడత పెడుతోంది. అన్నిటికీ లేదు, లేదు అంటూ వచ్చింది. మేడమ్ ఆఖరి ప్రశ్న అడిగారు. "చచ్చిపోతే బాగుండునని ఎప్పుడైనా అనిపించిందా అమ్మా?"

కావేరి చేతులు ఆగిపోయాయి. అంతలో పొయ్యి దగ్గర నుంచి పోలమ్మ ఒక్క ఉదుటున లేచి వచ్చింది. "పడవ నీళ్ళ మింద ఉండంగా నట్టింట్లో కూచోని సావు మాట ఎత్తుతారా? లేయండి! ముందు బయటికి నడవండి!" మేము గడప దాటామో లేదో, కూర్చున్న చోట పసుపునీళ్ళు చల్లింది. ఆమె కేకలకు వీధంతా బయటికి వచ్చింది.

మధ్యాహ్నానికి గాలి తిరిగింది. పడవలు ఒకటొకటే ఒడ్డుకు చేరాయి, పోలమ్మ కొడుకు పడవ తప్ప. ఒడ్డున నిలబడ్డవాళ్ళ చూపులు సముద్రం మీద నుంచి మా మీదకు, మా మీద నుంచి సముద్రం మీదకు తిరుగుతున్నాయి. తిట్టినా బాగుండేది. మా జీపు డ్రైవరు గుసగుసగా, "మేడమ్, పోదాం రండి. జరగరానిది జరిగితే మనల్ని బతకనియ్యరు" అన్నాడు.

"ఆ పడవ వచ్చిందాకా నేను కదిలేది లేదు. నువ్వు పోతే పో" అన్నారు మేడమ్.

ఇదంతా మూఢనమ్మకం అని కొట్టిపారేయడానికి నా చదువు కోసం ఎంత వెతుక్కున్నా ఆ ఇసుకలో అది దొరకలేదు. అల్లా, వెంకన్నా, ఎవరైనా సరే ఆ పడవను పంపండి అని మొక్కుకుంటున్నాను. మేడమ్ మెల్లగా నా చెయ్యి పట్టుకున్నారు. ఆమె చెయ్యి చల్లగా ఉంది. అప్పుడు తెలిసింది, ఆమెకూ భయంగానే ఉందని.

"అందరూ గబుక్కున లేదన్నారు. ఆ పిల్ల అనలేదు, గమనించినావా? అత్త అడ్డం రాకపోతే చెప్పేసేది. ఈ పడవ రాకపోతే తన మనసులో మాటే మొగుణ్ణి ముంచిందనుకుంటుంది. ఆమెను ఇట్లా వదిలేసి పోతే మనం ఏం చదివినట్టు?"

కావేరి గుంపులో లేదు. దూరంగా, అలలు పాదాలను తడిపే చోట ఒంటరిగా నిలబడి ఉంది. ఆమె ఒక అడుగు ముందుకు వేస్తే మేడమ్ వేళ్ళు నా చేతిని నొక్కేవి. ఆమె వెనక్కు వస్తే వదులయ్యేవి. పొద్దు వాలే దాకా అలాగే ఉన్నాం.

పడవ వచ్చింది. ఇంజన్ చెడి, తోటివాళ్ళు తాడు కట్టి లాక్కొచ్చారు. మగవాళ్ళంతా దాన్ని ఇసుక మీదకు లాగుతుంటే పోలమ్మ కూలబడి భోరున ఏడ్చింది. మేడమ్ వెళ్ళి ఆమె పక్కనే ఇసుకలో కూర్చున్నారు. "అడగకూడని వేళ అడిగినానమ్మా. ఎప్పుడు అడగాలో నువ్వే చెప్పు."

పోలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "పడవ ఒడ్డెక్కినాక ఏమైనా అడుగు. అది నీళ్ళ మింద ఉంటే మేం బాగుండామనే అనాల. ఏడిస్తే సముద్రం ఇంటాదమ్మా."

మేడమ్ లేచి కావేరి దగ్గరకు వెళ్ళారు. ఒడ్డెక్కిన పడవ చాటున కూర్చోబెట్టి, ఆమె చేతిని తీసి తడి పడవ మీద ఆనించారు. "మీ ఆయన వచ్చేసినాడు. ఇప్పుడు చెప్పు తల్లీ."

"అనిపిస్తాది మేడమ్. ఆయన పోయినాక రోజూ అదే ఆలోచన. అట్టా అనుకున్న పాపానికి ఆయనకేమన్నా అవుతాదేమోనని ఇంకా బయం. ఆ బయానికి మళ్ళా సావాలనిపిస్తాది." అంతసేపూ ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది.

ఆ సాయంత్రమే మేడమ్ అత్తనూ భర్తనూ కూర్చోబెట్టి మాట్లాడారు. కావేరిని ఒంటరిగా వదలకుండా జీపులోనే నెల్లూరు ఆసుపత్రికి తీసుకొచ్చాం. పోలమ్మ దారి పొడవునా కోడలి తలను ఒళ్ళో పెట్టుకునే ఉంది. డైరెక్టరుగారికి మాత్రం మేడమ్ కబురు రుచించలేదు. పడవలన్నీ ఒడ్డునే ఉండే వేట నిషేధపు రోజులు వచ్చేదాకా ఆగి, పాలెంలో మళ్ళీ అడగాలని ఆమె పట్టుబట్టారు. గడువు దాటుతుంది, సంతకం చేయమన్నారాయన. "నా చెయ్యి రాదు సార్" అన్నారు మేడమ్, అంతే. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఆఫీసులో దెప్పిపొడిచారు. వేసవిలో రెజిన్ వాసన మధ్య ఇల్లిల్లూ తిరిగి మళ్ళీ అడిగాం. ఆడవాళ్ళు చెప్పడం మొదలుపెడితే ఆపలేకపోయాం. ఇంగ్లీషు ప్రతిలో లేని ప్రశ్న ఒకటి అప్పుడే చేరింది: మీకు వచ్చే ఆలోచనల వల్ల మీ వాళ్ళకు కీడు జరుగుతుందని భయపడుతున్నారా?

ఇప్పుడు నేనూ కొత్తవాళ్ళకు పని నేర్పుతున్నాను. ఎవరైనా గబుక్కున బాగున్నాను అంటే ప్రశ్నలు పక్కన పెట్టి, ఇంటికి ఇంకా ఎవరు రావాలి అని అడుగుతాను. తడ దగ్గరి ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీకి పోయిన కూతురో, లారీ మీద ఉన్న భర్తో, ఎవరో ఒకరు ఉంటారు. వాళ్ళు వచ్చాకే మళ్ళీ వెళతాను.

పోయిన వేసవిలో మేడమ్ కన్నుమూశారు. ఆ రోజు వాళ్ళింట్లో కుర్చీలు వేయించడం, వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు అందించడం అన్నీ నేనే చూసుకున్నాను. ఎలా ఉన్నావని ఎవరు అడిగినా, బాగానే ఉన్నాను అన్నాను. ఖబరస్తాన్‌లో మట్టి ఇచ్చి మగవాళ్ళు తిరిగి వచ్చాక కావేరి వచ్చింది. పడవ పని మధ్యలో లేచి వచ్చినట్టుంది, చీరంతా రెజిన్ వాసన. నా చేతిలోని చెంబు లాక్కుని పక్కన పెట్టి, నన్ను పెరట్లోకి తీసుకుపోయింది.

"పడవలన్నీ ఒడ్డునే ఉండాయక్కా" అంది. "ఇప్పుడు చెప్పు. నీకెట్టుండాది?"

బాగానే ఉన్నానని చెప్పబోయాను. ఆ వాసనలో ముఖం దాచుకుని, పొద్దుటి నుంచి ఆపుకున్నదంతా ఏడ్చేశాను.