పెద్దనాయన జీపు, నా ఇంజనీరింగు

ఇంజనీరింగు పట్టా చేతికొచ్చి, ఉద్యోగం మాత్రం రాని రోజులవి. ఆ వయసులో మనిషికి తెలియనిదంటూ ఏమీ ఉండదు. నాకైతే మరీను. మా పల్లెలో ఎవరింట్లో ఫ్యాను తిరగకపోయినా నన్ను పిలిచేవారు. నేను వెళ్లి, తల పైకెత్తి కాసేపు చూసి, లోపల ఏం కాలిపోయి ఉంటుందో గంభీరంగా చెప్పి వచ్చేవాణ్ణి. (చాలాసార్లు కరెంటు పోయి ఉండేదని తర్వాత తెలిసేది.)

మా పెద్దనాయనకు, అంటే మా నాన్న అన్నకు, ఓర్వకల్లు దగ్గర నాలుగెకరాల ఎర్రనేల, నాకంటే వయసులో పెద్దదైన ఒక ఫోర్‌వీల్ డ్రైవ్ జీపు ఉండేవి. ఆ నేలలో రెండేళ్ల చీనీ, అంటే బత్తాయి, మొక్కలు రెండు వందల దాకా ఉన్నాయి. ఆ ఎండాకాలం చేలో బోరు ఎండిపోయింది. నీళ్లున్న బోరు ఊరి పక్కన, మొక్కలేమో వంకకు అవతల. వంకలో నీళ్లు వానాకాలంలో నాలుగు రోజులుంటే గొప్ప, ఇసుక మాత్రం ఏడాది పొడుగునా మోకాలి లోతు ఉంటుంది. పెద్దనాయన రోజు మార్చి రోజు జీపుకు ట్రైలరు తగిలించి, డ్రమ్ములతో నీళ్లు ఆ ఇసుక దాటించి మొక్కలకు పోసేవాడు. నాలుగు చక్రాలూ కలిసి లాగితేనే బండి దాటేది. ఒక బుధవారం వంక నడిమధ్యలో నాలుగు చక్రాలకూ బలం కలిపే లివరు దానంతటదే ఎగిరి వెనక్కి వచ్చేసింది. బండి ఇసుకలో కూలబడింది. రెండు జతల ఎద్దులు కట్టి ఇంటికి లాక్కొచ్చారు.

"కల్లూరు నుంచి గ్రీసు మామను పిలిపిస్తాలే" అన్నాడు పెద్దనాయన. గ్రీసు మామ పాత జీపుల మెకానిక్కు, ముసలి సాయిబు. ఆయన చొక్కా అసలు రంగేదో చూసినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఆ పేరు.

నా పట్టా ఇంట్లో ఉండగా బయటి మనిషిని పిలవడమా! "ఆయనెందుకు పెద్దనాయనా? అది ట్రాన్స్‌ఫర్ కేసు. గేరుపెట్టె నుంచి వచ్చే బలాన్ని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పంచే డబ్బా, అంతే. ఒక్కరోజు పని. నేను చేస్తా" అన్నాను. అని ఊరుకోక, బొగ్గు తీసుకుని కొత్తగా సున్నం కొట్టిన గోడ మీద బొమ్మ కూడా గీశాను.

పెద్దమ్మ ఆ గోడ వంక బాధగా చూసి, "బొమ్మ బాగుండాది గానీ, ఎప్పుడన్నా ఒగటి ఇప్పినావా నాయనా?" అంది.

"ఇప్పేదేముండాది పెద్దమ్మా, అంతా లాజిక్కే" అన్నాను.

పెద్దనాయన నా మొహం చూశాడు. కడుపులో ఏమనుకున్నాడో గాని, "పిల్లోడు సదివినాడు గదా, చెయ్యనీలే" అన్నాడు. ఆయనకు నా మీద నమ్మకం ఉండటమే ఈ కథలో అసలు ప్రమాదం.

గురువారం పొద్దున వేపచెట్టు కింద పని మొదలుపెట్టాను. మిద్దె ఎక్కితే ఫోనులో సిగ్నలు దొరికేది. ఎవరో తెల్లాయన అలాంటి డబ్బానే పద్నాలుగు నిమిషాల్లో విప్పి బిగించిన వీడియో ఉంది. మిద్దెక్కి ఒక ముక్క చూడటం, దిగివచ్చి ఒక బోల్టు విప్పడం. (ఆయన గరాజులో నేల అద్దంలా ఉంది. నాది కోళ్లు కెలికిన మట్టి. ఈ తేడా నాకు తట్టలేదు.) మధ్యాహ్నానికి జీపు కింద పడుకుని, డబ్బాలో మధ్యగేరుకున్న ఇరుసును సుత్తితో కొట్టాను. ఇరుసు జారింది, గేరు నా పొట్ట మీద పడింది. దాని లోపలి నుంచి సూదుల్లాంటి సన్నని ఉక్కు రోలర్లు బిలబిలా రాలి మట్టిలో కలిసిపోయాయి. తెల్లాయన వీడియోలో అవి రాలలేదు.

సాయంత్రం దాకా ఏరి లెక్కపెడితే నలభై ఏడు. గేరులో అవి రెండు వరసలు, రెండూ సమానం. కాబట్టి నలభై ఏడు ఉండటానికి వీల్లేదు. నాలుగేళ్ల చదువులో నేను సొంతంగా కనిపెట్టిన సిద్ధాంతం ఇదొక్కటే. నా అనుమానం ఎర్ర కోడిపెట్ట మీదికి పోయింది. అది నేను పని చేసినంతసేపూ అక్కడే తిరిగింది.

"పెద్దమ్మా, దీన్ని కోసి చూస్తే తెలుస్తాది" అన్నాను.

"నీ సదువుకు నా గుడ్లపెట్టను బలియ్యాల్నా? ఉండు" అని ఆమె లోపలికి పోయి, చెడిపోయిన రేడియోలోంచి స్పీకరు అయస్కాంతం పీకి, దానికి తాడు కట్టి, చెట్టు కిందంతా ఈడ్చుకుంటూ తిరిగింది. మొదట రెండు మేకులు, తర్వాత ఒక పిన్నీసు, ఆ తర్వాత మూడేళ్ల కిందట పోయిన బీరువా తాళంచెవి దొరికాయి. అప్పుడు నా నలభై ఎనిమిదో సూది వచ్చింది. పెద్దమ్మ తాళంచెవికి సంతోషించినంతగా సూదికి సంతోషించలేదు.

శుక్రవారమంతా ఆ సూదుల్ని గేరులోపల వరసగా నిలబెట్టడం, ఇరుసు దూర్చబోవడం, అవి రాలడం. శనివారమూ అంతే. ఒకసారి ఇరవై నిలబడ్డాయి. ఆ సంతోషంలో నేను తుమ్మాను.

ఈలోగా మొక్కలకు నీళ్లు లేవు. పెద్దనాయన నన్ను ఒక్క మాట అనలేదు. సైకిలుకు అటొక బిందె ఇటొక బిందె కట్టుకుని, వంకలో సైకిలు భుజానికెత్తి, బిందెలు తర్వాత మోసి, ఆ ఎండలో మొక్కమొక్కకూ చెంబెడు నీళ్లు పోసి వచ్చేవాడు. పెద్దమ్మ కూడా నెత్తిన కడవతో వెళ్లేది. నేనూ వస్తానంటే, "నీ పని నువ్వు చూస్కోప్పా, చేస్తాండావు గదా" అనేవాడు. ఎగతాళి కాదు, నిజంగానే అనేవాడు. ఆయన తిట్టి ఉంటే నాకు అన్నం దిగేది.

ఆదివారం చర్చిలో పాస్టరయ్య చివరి ప్రార్థన చేస్తూ, రోగులను తలచుకున్నాక, "ప్రభువా, ఈ బిడ్డ చేతులను నడిపించు. నువ్వు ఒక్కొక్కటి చేసి నిలబెట్టిన లోకంలో, ఈ సూదులను కూడా నిలబెట్టు" అన్నారు. జనమంతా ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా పెద్దనాయన అన్నాడు. నేను కళ్లు తెరవలేదు, భక్తితో కాదు.

ఆ మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా వంక దాటి చేలోకి వెళ్లాను. ఆకులు దోనెల్లా ముడుచుకున్నాయి. చివరి సాలులో కొన్ని అంచులు కాలినట్టయ్యాయి. కూర్చుని ఒక ఆకు విప్పబోతే పుటుక్కున విరిగింది. సోమవారం పొద్దున్నే బస్సెక్కి కల్లూరు వెళ్లాను.

గ్రీసు మామ షెడ్డులో లారీ కింద పడుకుని ఉన్నాడు. ఆయన కాళ్లతోనే మాట్లాడాను. ఉన్నదంతా చెప్పాను. లోపలి నుంచి, "ఏం సదివినావు బేటా?" అని వినిపించింది.

"మెకానికల్ ఇంజనీరింగు, మామా."

"శానా మంచిది. ఆ గుడ్డ ఇట్లియ్యి" అని చేయి చాచాడు. చేతులు తుడుచుకుని, సంచీ భుజానికేసుకుని, నాతోపాటే బస్సెక్కాడు.

చెట్టు కింద కూర్చుని నా పని చూశాడు. నవ్వలేదు. వేపపుల్ల ఒకటి తెంపి, కత్తితో చెక్కి, ఇరుసు లావుకు సరిపోయేలా, గేరు వెడల్పంత ముక్క చేశాడు. గేరు లోపల గట్టి గ్రీసు పూసి, ఆ పుల్ల చుట్టూ సూదులన్నీ పేర్చాడు. పుల్ల అడ్డముంది కాబట్టి రాలడానికి వాటికి చోటు లేదు. గేరును డబ్బాలో పెట్టి, అటువైపు నుంచి అసలు ఇరుసును నెట్టాడు. ఇరుసు లోపలికి వస్తుంటే పుల్ల ఇటువైపు నుంచి బయటికి వచ్చింది. టీ చల్లారేలోపు అయిపోయింది.

తర్వాత నన్ను దగ్గరికి పిలిచి, డబ్బా బయటే ఉన్న ఒక చిన్న బోల్టు విప్పి, దాని వెనక నుంచి విరిగిన స్ప్రింగు ముక్క తీసి నా అరచేతిలో పెట్టాడు. "లివరు ఎగిరింది దీనికి. ఈ ఒగ బోల్టు ఇప్పింటే సాలు. పెట్టె ఇప్పే పనే లేదు" అన్నాడు మెల్లగా. నా మొహం చూసి జాలిపడ్డాడేమో, "లోపల వాషర్లు కూడా అరిగిండాయిలే. ఎప్పుడో ఒగనాడు ఇప్పాల్సిందే. ఈ బోల్టు సంగతి మీ పెద్దనాయనకు చెప్పాకు" అన్నాడు. గేరు పెట్టేటప్పుడే సంచీలోంచి కొత్త వాషర్లు వేశాడు, ఇప్పుడు కొత్త స్ప్రింగు పెట్టాడు. మిగతా బిగింపులు నాకు వదిలేశాడు.

సాయంత్రం నాలుగింటికి, ఊరు సగం చూస్తుండగా, నేను జీపెక్కి గేరు వేసి క్లచ్చు వదిలాను. ఇంజను గర్జించింది. జీపు కదల్లేదు. ఇంకా గట్టిగా తొక్కాను. పొగ వచ్చింది, ఎర్ర కోడిపెట్ట ఎగిరిపోయింది, జీపు అక్కడే ఉంది.

గ్రీసు మామ వంగి కిందికి చూసి, "బేటా, చక్రాలకు పోయే ఆ పొడుగు కడ్డీలు రెండూ యాడ?" అన్నాడు.

ఒకదాని మీద పెద్దమ్మ నా చొక్కాలు ఆరేసి ఉంది. రెండోదాని మీద పాస్టరయ్య కూర్చుని ఉన్నారు. ఆయన లేచి, దాన్ని తన పంచె అంచుతో తుడిచి మరీ నా చేతికిచ్చారు.

ఎండ తగ్గేవేళకు జీపు డ్రమ్ములతో వంక దాటింది. లివరు ఎగరలేదు. నేను ట్రైలరులో నిలబడి, బక్కెట్లతో మొక్కలకు నీళ్లు పోశాను. పదకొండు మొక్కలు మళ్లీ లేవలేదు. వానలు పడ్డాక వాటి చోట కొత్తవి నాటాం, గుంతలన్నీ నేనే తవ్వాను. గ్రీసు మామ వెళ్లేటప్పుడు, "పాత బట్టలు ఏస్కోని షెడ్డుకు రా" అన్నాడు. వెళ్లాను. పదమూడు నెలలు ఆయన దగ్గర ముందు సామాన్లు కడిగాను, తర్వాత విప్పాను, చాలా తర్వాత బిగించాను.

ఇప్పుడు నేను ఒక కంపెనీలో బండ్ల మరమ్మతులకు పెద్దను. నా కింద పనివాళ్లున్నారు. ఏ పెట్టె విప్పాలన్నా మూడు కాగితాలు రాసి, ఇద్దరినడిగి, వద్దులెమ్మని పక్కన పెడతాను. మొన్న ఇంట్లో మిక్సీ గరగరమంటుంటే, "నువ్వు ఇంజనీరువే కదా, ఒకసారి విప్పి చూడరాదూ" అంది నా భార్య. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తెలిసిన మనిషికి ఫోను చేస్తానన్నాను. ఆమె లోపలికి వెళ్లాక చాలాసేపు దాని ముందే కూర్చున్నాను. ఆ ఇరవై రెండేళ్ల కుర్రాడైతే ఈపాటికి దాన్ని నూటొక్క ముక్కలు చేసి ఉండేవాడు. వెధవ, ఏమీ తెలియదు వాడికి. అయినా, వాడొకసారి ఇటు వచ్చి పోతే బాగుండునని అనిపించింది.