మేనత్త, రెండు టేపులు, ఒక బొంత

ఆ మేనత్తకు లోకంలో దేనిమీదా నమ్మకం లేదు, ముఖ్యంగా కొలిచే టేపుల మీద. అవి వాడగా వాడగా సాగుతాయనీ, ఆ సంగతి బట్టల కొట్లవాళ్ళు బయటికి పొక్కనివ్వరనీ ఆవిడ అనుమానం. అందుకే కొట్టుకు సొంత టేపు తీసుకెళ్తుంది. దాన్ని సరిచూడ్డానికి ఇంకో టేపు కూడా.

మేనకోడలు మొదటిసారి బొంత కుడుతోంది. వెన్నుకు ఆపరేషనై మర్నాడు ఇంటికొస్తున్న తల్లి కిందికి పరచడానికి. పైవైపు రంగురంగుల ముక్కల అతుకు పూర్తయింది. అడుగువైపుకు మెత్తటి గుడ్డ కావాలి. నచ్చిన తానులో మిగిలింది ఐదున్నర గజాలే.

“సరిపోతుందత్తా. బొంత ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు. చుట్టూ అరడుగు వదిలితే ఆరూ ఎనిమిదీ. గుడ్డ పన్నా ఆరడుగులకు చాలదు కాబట్టి ఎనిమిదేసి అడుగుల ముక్కలు రెండు తీసి, పక్కపక్కన కలిపేస్తా.”

“లెక్క ఇంత తేలిగ్గా కుదిరిందంటే ఎక్కడో మోసముంది,” అంటూ మేనత్త బల్ల మీదికి వంగి, కొట్టాయన చేతులకేసి చూసింది.

“గుడ్డ లాగట్లేదమ్మా,” అన్నాడాయన.

“నేనడిగానా? అడక్కుండా ఎందుకు చెప్తున్నావ్?”

ఇంటికొచ్చాక మేనత్త గుడ్డను తడిపి ఆరేసింది. అది నాలుగు వేళ్ళ మేర కుంచించుకుపోయింది. “చూశావా!” అని పండగ చేసుకుంది. అయినా సరిపోయిందని ముఖం మాడ్చుకుంది.

మేనకోడలు రెండు ముక్కలూ కలిపి కుట్టి, దారం కొనుక్కొచ్చేసరికి మేనత్త బ్లేడుతో ఆ కుట్టు విప్పేస్తోంది.

“అత్తా! రేపటికల్లా కావాలి! అమ్మకోసమని ఓర్వలేకపోతున్నావా?”

“మీ అమ్మ నవ్వినా నాకనుమానమే, కాదనను. కానీ మీ అమ్మ పడుకునేది అన్నీ అతుకులే ఉన్న ముక్కలవైపు కాదు, మెత్తటి ఈ వైపు. ఈ కుట్టేమో నట్టనడుమ పెట్టావు. సరిగ్గా వదిన వెన్నుకింద.”

“నీకెలా తెలుసు?”

“పడుకుని చూశా. గుచ్చుకుంది.”

మేనత్త ఒక ముక్కను నడుమ అలాగే ఉంచి, రెండోదాన్ని నిలువునా చీల్చి, దానికి చెరో పక్కనా కుట్టింది. అంగుళం గుడ్డ కూడా అదనంగా పట్టలేదు.

“పడుకో. నా మాట నమ్మకు.”

మేనకోడలు నేలమీద పరిచిన గుడ్డ మీద వెల్లకిలా పడుకుంది.

“ఏమైనా తగులుతోందా?”

“లేదత్తా. హాయిగా ఉంది.”

“నేను బాధపడతానని అంటున్నావేమో. జరుగు,” అంటూ మేనత్త పక్కనే నడుం వాల్చింది.