మా తెల్ల కారు కుదుపు ఎవరి పని?

మా చిన్నప్పుడు... నాన్న మా తెల్ల కారుని దొంగని చూసినట్టు చూసేవారు. వెనక వైపు రెండు చేతులతో గట్టిగా నొక్కి వదిలేవారు. అది ఊగుతూ ఉంటే "చూశావా, ఎలా ఎగురుతోందో" అని అమ్మకి చూపించేవారు.

మాది రావులపాలెం పక్కన పల్లె. అరటి తోటలు. అక్కని నిడదవోలు ఇచ్చారు. నేను చెప్పే సంగతికి ముందు ఏడాది, అక్క తొలిసారి కడుపుతో ఉన్నప్పుడు, ఓ పెళ్ళికని అదే కారులో తీసుకొచ్చి మళ్ళీ దింపాం... ఆ వారంలోనే కడుపు పోయింది. ప్రయాణం వల్ల కాదని డాక్టరు గారు చెప్పారు. కానీ అక్క వాళ్ళ అత్తగారు వాకిట్లో నిలబడి ఒక్క మాట అన్నారు.

"ఆ కారు కుదుపులకి ఎవరికైనా అంతేనండి."

ఆ మాట నాన్నకి ముల్లులా దిగిపోయింది. ఇప్పుడు అక్క మళ్ళీ కడుపుతో ఉంది, ఏడో నెల. పురిటికి తీసుకురావాలి.

"టాక్సీ మాట్లాడదామండి" అంది అమ్మ.

"వాళ్ళ కారు కింద ఏముందో నీకు తెలుసా?" అన్నారు నాన్న. ఇక ఆ మాట ఎత్తడానికి లేదు.

మెకానిక్ సూరిబాబు చూసి షాక్ అబ్జార్బర్లు పోయాయన్నాడు. కొత్తవి వేశాడు. ఊగడం ఆగింది... గతుకులో పడితే మాత్రం వెనక సీట్లో వాళ్ళు ఎగిరి పడటం ఆగలేదు. దాంతో నాన్న అనుమానం సూరిబాబు మీదకి తిరిగింది. పాతవాటికే రంగేసి బిగించాడని, కొత్తవి ఇంకెవరి కారుకో వేసేశాడని...

"అరటి గెలలు వేసుకెళ్తే లేని కుదుపు మనుషులెక్కితేనే ఎందుకొస్తుంది? ఏదో చేశాడు వాడు."

ఈసారి నాన్నే వెళ్ళి కొత్త జత తెచ్చారు. కొత్త వస్తువు ఏదొచ్చినా పసుపు రాసి బొట్టు పెట్టడం ఇంట్లో అలవాటే కదా... దాన్నే గుర్తుగా వాడుకున్నారు. అమ్మ తిలకం సీసా తీసుకుని ఒక్కోదానికి ఒక్కో చుక్క పెట్టారు. సూరిబాబు ఆ బొట్లు చూసి దండం పెట్టుకుని మరీ బిగించాడు, పాపం. నాకు నవ్వొచ్చింది గానీ నాన్న ముఖం చూసి మింగేశాను.

అయినా కుదుపు తగ్గలేదు. ఆ సాయంత్రం నాన్న గోనెపట్టా పరుచుకుని కారు కిందకి దూరారు. అమ్మ టార్చిలైటు పట్టుకుంది. బొట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. సూరిబాబు ఏదీ మార్చలేదు. అయినా నాన్న ఎంతకీ బయటికి రాలేదు...

"ఏంటండీ?" అంది అమ్మ.

"వెనక చక్రం దగ్గర కమాను స్ప్రింగు కట్టలో ఓ పట్టీ ఎక్కువుంది. లావుగా."

"ఎవరు వేయించారండీ?"

కిందనుంచే అన్నారు. "నేనే."

బండి దొరకని రోజుల్లో గెలలు ఈ కారులోనే మార్కెట్‌కి వేసేవారు. బరువుకి వెనక భాగం దిగిపోతోందని, అక్క ఆ పెళ్ళికి రావడానికి ముందు వేసవిలో ఆయనే దగ్గరుండి రెండు వైపులా ఓ లావు ఇనప పట్టీ వేయించారు. బరువుంటే కారు మెత్తగా పోయేది. మనుషులు మాత్రమే ఉంటే ఎడ్లబండిలా కొట్టేది. గెలల పని అయిపోయాక ఆ పట్టీలు తీయించడం మర్చిపోయారు. అక్క ఎక్కింది ఆ తర్వాతే.

అన్నం దగ్గర నాన్న కంచంలో చెయ్యి పెట్టలేదు. "వాళ్ళత్తగారు అన్నది నిజమేమో" అన్నారు.

"డాక్టరు గారు కాదన్నారు కదండీ..."

"డాక్టరు గారు కారు కింద చూశారా?"

నాకు ఏడుపొచ్చింది.

మర్నాడే పట్టీలు తీయించేశారు. సూరిబాబు భుజం మీద చెయ్యి వేసి "ఏమీ అనుకోకు" అన్నారు. తర్వాత అమ్మని అక్క కూర్చోబోయే చోట కూర్చోబెట్టి, "ఇక్కడ తగిలిందా... ఇక్కడో?" అని అడుగుతూ నిడదవోలు దాకా వెళ్ళొచ్చారు. ఆ తర్వాతే అక్కని తీసుకొచ్చారు. దారంతా అక్క హాయిగా నిద్రపోయిందట.

బాబు పుట్టాడు. ఇల్లంతా సంబరం. నాన్న వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, ఎవరూ వినడం లేదనుకుని, "నీకంటే ముందు ఇంకొకళ్ళు రావాల్సిందిరా" అన్నారు. నేను విన్నాను.

ఇప్పుడు ఆ మేనల్లుడే కొత్త కారులో మమ్మల్ని తిప్పుతాడు. గతుకు తెలియదు. సర్వీసుకి ఎవరో వచ్చి తీసుకెళ్తారు, ఎవరో తెచ్చిస్తారు... కింద ఏముందో మాలో ఒక్కరికీ తెలియదు. నాన్న ఉన్నన్నాళ్ళూ అక్క ఏ కారెక్కబోయినా ముందు ఆయన ఒంగి కిందకి చూసి, ఆ తర్వాతే తలుపు తీసేవారు. మోకాళ్ళు పోయాక కూడా మానలేదు. ఇప్పుడు అక్క తలుపు తనే తీసుకుని ఎక్కేస్తోంది.

మీ ఇళ్ళలో ఇలా మీకోసం అన్నిటినీ అనుమానించినవాళ్ళు ఎవరు... వాళ్ళ గురించి రాయండి, చదవాలని ఉంది.