స్పెషల్ తెలుగు ఆఖరి బ్యాచ్

లెక్చరర్లకేం, ఎండాకాలం రెండు నెలలు సెలవులు అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండేది. కర్నూల్లో నేను తెలుగు చెప్పిన ప్రైవేటు డిగ్రీ కాలేజీలో మే నెల అంటే ఊళ్ల మీద పడి పిల్లల్ని వెతుక్కొచ్చే నెల. కరపత్రాల కట్ట చంకలో పెట్టుకుని, కాలేజీ జీపెక్కి, ఇంటర్ పాసైన పిల్లలున్న ఇల్లల్లా తిరగాలి. మాకంటే ముందే ఇంకో కాలేజీవాళ్లు వచ్చి, టీ తాగి, పిల్లల సర్టిఫికెట్లు కూడా పట్టుకుపోయి ఉండేవాళ్లు.

నేను రాయచోటి పక్క పల్లెలో పుట్టి, తెలుగు ఎమ్మే చదివి, పెళ్లయ్యాక కర్నూలు వచ్చినదాన్ని. నేను ఉద్యోగంలో చేరేనాటికి బీఏ స్పెషల్ తెలుగులో బెంచీలు నిండా ఉండేవి. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయ్యేసరికి పిల్లలంతా కంప్యూటర్ల వైపు మళ్లారు. కాలేజీ నడిపే మా కరస్పాండెంటు బట్టల వ్యాపారం చేసే ఇంటివాడు. చెడ్డమనిషి కాదు. కాలేజీని కూడా అంగడి లాగానే చూసేవాడు, అంతే.

"కంప్యూటర్లకు సీట్లు చాలడం లేదు మేడమ్. మీ స్పెషల్ తెలుగు మాత్రం మడత విప్పని తాను మాదిరి అట్లే పడుండాది. ఈ ఏడు పదిమందన్నా రాకపోతే తీసేస్తా" అన్నాడొక రోజు.

నా తెలుగును అమ్ముడుపోని బట్టల తానుతో పోల్చినందుకు నాకు కోపం వచ్చింది. వచ్చినా చేసేదేముంది, జీపెక్కాను.

ఆదివారం పూట ఇల్లిల్లూ తిరగడం దండగ, చర్చిలో అయితే అందరూ ఒక్కచోటే దొరుకుతారు అని మా కామర్సు సారు సలహా ఇచ్చాడు. అలా నందికొట్కూరు అవతల ఒక పల్లెకు వెళ్లాం. ఆరాధన చివర ప్రకటనలు చదివేటప్పుడు మాకు ఐదు నిమిషాలు ఇస్తానన్నాడు పాస్టరుగారు. నేను ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్నాను. వెనక నుంచి ఒక ముసలామె నా భుజం తట్టి, "కొంగు కప్పుకోమ్మా" అంది. చూస్తే ఆడవాళ్లందరి తలల మీదా కొంగులున్నాయి. గబగబా కప్పుకున్నాను.

అప్పుడు ఒక అమ్మాయి లేచి బైబిల్ వాక్యం చదివింది. మైకు లేదు. గొంతు పెంచిందీ లేదు. ఎక్కడ ఆగాలో, ఏ మాట మీద నిలబడాలో తెలిసిన చదువు అది. మా యూనివర్సిటీలో ఎమ్మే పిల్లలు పద్యాలు చదువుతుంటే చెవులు మూసుకున్న రోజులు నాకు గుర్తున్నాయి. ఈ పిల్ల చదువుతుంటే చర్చిలో చంటిపిల్లలు కూడా ఊరుకున్నారు. ఆ తర్వాత నాకిచ్చిన ఐదు నిమిషాల్లో ఏం మాట్లాడానో నాకే తెలియదు.

బయటికి వచ్చాక ఆ అమ్మాయి నాన్న ఎవరని అడిగి పట్టుకున్నాను. ఇళ్లు కట్టే బేల్దారి పనికి పోయే మనిషి. కొంచెం చేను ఉంది గానీ వానలు లేక బీడు పడింది. స్పెషల్ తెలుగు అనగానే ఆయన నవ్వాడు.

"తెలుగు మాకు వచ్చు గదా మేడమ్. వచ్చినదాన్నే మూడేండ్లు కాలేజీలో చదివేదెందుకు? వాళ్ల మేనమామ కంప్యూటర్లు చదివించమంటాండాడు."

కరపత్రంలో ఉన్నదంతా ఏకరువు పెట్టాను. ఏ గ్రూపులో చేరినా స్పోకెన్ ఇంగ్లీషు ఉచితం అన్నాను. తెలుగు పండిత ట్రైనింగు చేస్తే బళ్లో ఉద్యోగం రావచ్చు అన్నాను. ఆయన అంతా విని, మెల్లగా ఒక మాట అడిగాడు.

"ఒకటి చెప్పు తల్లీ. ఇంత ఎండలో వచ్చినావు. మా పాప కోసరమా, నీ కోసరమా?"

కామర్సు సారు నా వైపు భయంగా చూశాడు. నాకు అబద్ధం నోటికి రాలేదు.

"రెండూ అన్నా. పిల్లలు లేకపోతే నా గ్రూపు తీసేస్తారు. దానికే ఊర్లు తిరుగుతాండా. కానీ మీ పాప చదివింది విన్నాక, ఎవరో ఒకరు చాలనిపించడంలేదు. ఈ పాపే కావాల నాకు."

ఆయన నా చేతిలోని కరపత్రం తీసుకున్నాడు. "సరే. మూడేండ్లూ మధ్యలో ఆపకుండా చెప్పాల. సగంలో ఆగిపోతే నేను ఇంకో కాలేజీకి పంపలేను. పాప నాతోపాటు పనికే రావాల్సొస్తాది" అన్నాడు. చెబుతానని మాట ఇచ్చాను. జీపులో కూర్చున్నాక భయం పట్టుకుంది. గ్రూపు ఉంచడం, తీసెయ్యడం నా చేతిలో ఉన్న పని కాదు కదా.

ఆ ఏడు ఆ పాపతో కలిపి ఎలాగో పదిమందయ్యారు. గ్రూపు నిలబడింది.

పర్యావరణ శాస్త్రం డిగ్రీ పిల్లలందరికీ తప్పనిసరి చేసిన కొత్త రోజులవి. చెప్పడానికి మనిషి లేడు. తెలుగు మేడమ్‌కు గంటలు తక్కువ కదా అని సగం క్లాసులు నాకు అంటగట్టారు, సగం జువాలజీ సారుకు. పుస్తకంలో నీటి పొదుపు పాఠం ఉంది. పళ్లు తోముకునేటప్పుడు కొళాయి కట్టేయాలని చదివి వినిపించాను. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "మేడమ్, మా వీధి కొళాయి తిప్పితే గాలి వస్తాది. దాన్ని గూడా కట్టేయాల్నా?" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వేశాను. పుస్తకం మూసి, మీ మీ ఊళ్లలో నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో చెప్పండర్రా అన్నాను. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

సాయంత్రం స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకు హైదరాబాదులో కోర్సు చేసొచ్చిన కుర్ర సారు ఉండేవాడు. బోర్డు మీద కొన్ని హాబీలు రాసి, నచ్చింది ఎంచుకుని చెప్పమనేవాడు. చెరువులు ఎండిపోయిన ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలంతా వరసపెట్టి మా హాబీ స్విమ్మింగ్ అనేవాళ్లు. ఆ చర్చి అమ్మాయి ఒక్కతే బోర్డు మీద లేనిది చెప్పింది, చర్చిలో చదవడం అని. అది హాబీ కాదన్నాడట ఆ సారు. ఆ సంగతి నాతో చెప్పి, "అయితే నాకు హాబీ లేదు మేడమ్" అంది శాంతంగా. నేనైతే పోట్లాడేదాన్ని.

రెండో ఏడాది చివరికి పదిమంది కాస్తా ఆ అమ్మాయితో కలిపి ముగ్గురయ్యారు. కొందరికి పెళ్లిళ్లయ్యాయి, కొందరు మానేశారు. కొత్తగా చేరినవాళ్లే లేరు. కరస్పాండెంటు పిలిచి, గ్రూపు ఎత్తేస్తున్నానని, ఆ ముగ్గురూ కడపలో ఏదైనా కాలేజీకి మారవచ్చని చెప్పాడు. కడప అంటే హాస్టలు, బస్సులు. బేల్దారి మనిషి ఇంటి నుంచి అది జరిగే పని కాదు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. పోతే నా ఉద్యోగం పోతుంది, ఇంకోటి వెతుక్కుంటాను. ఆ పిల్ల తట్ట మోయడం మాత్రం నేను చూడలేను.

మర్నాడు కరస్పాండెంటు బట్టల అంగడికే వెళ్లి కూర్చున్నాను.

"పర్యావరణం అన్ని గ్రూపులకూ నేనే చెప్తా. జువాలజీ సారుకు అదంటే ఎట్లాగూ మంట. సాయంత్రం స్పోకెన్ ఇంగ్లీషు పిల్లల్ని కూడా నేనే చూసుకుంటా, ఆ సారు పోతానంటాండాడు గదా. జీతం పెంచొద్దు. ఆ ముగ్గురికి ఆఖరేడు మాత్రం నన్ను చెప్పనీయండి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "స్పోకెన్ ఇంగ్లీషు మీకొస్తాదా మేడమ్?"

"నేర్చుకుంటా."

బేరం కుదిరింది. ఒక్క మనిషితో మూడు సబ్జెక్టులంటే ఏ వ్యాపారి కాదంటాడు. కొత్తగా ఎవరినీ చేర్చుకోనని మాత్రం ఖండితంగా చెప్పేశాడు.

మా పాత గది కంప్యూటర్ ల్యాబు కిందికి పోయింది. స్పోకెన్ ఇంగ్లీషు గదిలోనే, ఆ పిల్లలు రాకముందు మా ప్రబంధ పాఠం నడిచేది. బోర్డు మీద ఇంగ్లీషు వాక్యాలు చెరిపితే మళ్లీ రాసేది నేనే కాబట్టి చెరిపేదాన్ని కాదు. మూలన మిగిలిన జాగాలో గురువులూ లఘువులూ గుర్తించేవాళ్లం. ఆ అమ్మాయి పద్యం చదువుతుంటే, ముందే వచ్చేసిన ఇంగ్లీషు పిల్లలు గుమ్మంలో నిలబడి వినేవాళ్లు. ఆ సంవత్సరం నేను అలిసిపోయినంతగా ఎప్పుడూ అలిసిపోలేదు. అంత సంతోషంగానూ ఎప్పుడూ లేను.

ముగ్గురూ పాసయ్యారు. జూన్‌లో స్పెషల్ తెలుగు పేరు కరపత్రం నుంచి తీసేశారు.

ఆ తర్వాత ఆమె పండిత ట్రైనింగు చేసింది. డీఎస్సీలో పోస్టు వచ్చింది. చర్చిలో కృతజ్ఞతల కూడిక పెట్టామని, తప్పక రావాలని వాళ్ల నాన్న కాలేజీకొచ్చి పిలిచాడు. వెళ్లాను. ఈసారి ఎవరూ చెప్పకముందే కొంగు కప్పుకున్నాను. పిల్ల వాక్యం చదివింది. తర్వాత ఆయన సాక్ష్యం చెప్పడానికి లేచాడు.

"ఈ మేడమ్ వచ్చినపొద్దు నేనొక మాట అడిగినా. మా పాప కోసరమా, నీ కోసరమా అని. రెండూ అనింది. మా పాప కోసరం చేస్తానన్నది చేసింది. ఆయమ్మ కోసరం అడిగింది మాత్రం నిలబళ్లా. ఆయమ్మకు దేవుడు మంచి చేయాలని అందరూ ప్రార్థన చేయండి."

అందరూ తలలు వంచారు. నాకు ఏడుపొచ్చింది. కొంగు ముఖం మీదికి లాక్కున్నాను.

తిరుగు బస్సులో మర్నాటి పాఠాలు గుర్తు చేసుకున్నాను. పొద్దున నీటి పొదుపు, సాయంత్రం హౌ డూ యూ డూ. ఆమె బడిలో ఆరో తరగతికి పద్యం మొదలుపెడుతుందట. మా ఇద్దరిలో తెలుగు పాఠం చెప్పేది ఇక ఆమే.